మెట్ల మీదికి పోయిన మేడమ్

మా ఆఫీసులో పనిచేసిన వాళ్లెవరైనా సరే, చేరిన మొదటి వారంలోనే మెట్ల మీదికి పోవాల్సిందే. జూనియర్ వకీళ్లు పోయారు, లా చదివే పిల్లలు పోయారు, మా పని చూసిపోదామని వచ్చిన పెద్దమనుషులూ పోయారు. ఇక నా సంగతి అడగకండి, నాకు ఆ మెట్లే పుట్టిల్లు. కానీ మేడమ్ పోవడం మాత్రం ఒక్కసారే చూశాను. అబ్బ, ఏం రోజు అది! మొన్న ఆఫీసుకు వెళ్తే కొత్తగా చేరిన అమ్మాయిలు నా చుట్టూ మూగి, "మెట్ల రూలంట, ఏంది ఆంటీ అది? పనిష్మెంటా?" అని అడిగారు. అడిగాక ఇక నన్ను ఆపడం ఎవరి తరం? వాళ్లకు చెప్పిందే మీకూ చెప్తున్నాను, ఇంకాస్త వివరంగా.

ముందు ఆఫీసు గురించి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీంచి సందులోకి తిరిగితే ఒక మూడంతస్తుల బిల్డింగు. కింద చీరలకు ఫాల్స్ కుట్టే దుకాణం, పైన కోచింగ్ సెంటర్, మధ్యలో మేము. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు ఉచితంగా కేసులు చూసిపెట్టే చోటు. దాన్ని పెట్టింది మేడమ్. కృష్ణా జిల్లా నుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చారు, చివరిదాకా ఆ యాస పోలేదు. కాటన్ చీర, కింద కాన్వాస్ బూట్లు, సంచిలో ఎప్పుడూ ఒక పల్లీల పొట్లం. ఆవిడ నడుస్తుంటే పక్కన మేం పరుగెత్తాల్సి వచ్చేది. ఇక మాట మొదలెట్టారంటే ఫుల్‌స్టాప్ ఎక్కడుంటుందో ఆవిడకే తెలియదు.

నేను పోచంపల్లి వైపు మగ్గాల ఇంట్లో పుట్టాను. మా నాన్న మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో కుదిరితే, మేమంతా గడ్డిఅన్నారంలో కిరాయికి దిగాం. ఒకరోజు బస్టాపు దగ్గర సెవెన్ సీటర్ ఆటోవాడితో నేను పోట్లాడుతున్నాను. ఎక్కి కూర్చున్న ముసలామెను దింపేసి తనకు తెలిసినవాళ్లను ఎక్కించుకోబోయాడు, నాకు ఒళ్లు మండింది. అడ్డంగా నిలబడి బజారంతా వినేలా దులిపేస్తుంటే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. చూస్తే కాన్వాస్ బూట్లు.

"నీకు టైపు వచ్చా అమ్మా?" అన్నారు.

రాదన్నాను.

"ఫర్వాలేదులే, టైపు నేర్చుకోవచ్చు. ఈ నోరు నేర్పితే వచ్చేది కాదు. రేపు రా" అని అడ్రసు చెప్పి, నా చేతిలో గుప్పెడు పల్లీలు పోసి వెళ్లిపోయారు. అలా మొదలైంది నా ఉద్యోగం. పోయినేడు రిటైరయ్యేదాకా అక్కడే.

ఇప్పుడు రూలు. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఒంటరిగా రారు. ఆడమనిషి వస్తే పక్కన అన్నో, మేనమామో, పక్కింటామో ఉంటారు. "ఏమైందమ్మా?" అని అడిగితే జవాబు పక్కనున్నవాళ్లే చెప్తారు. కష్టం ఒకరిది, నోరు ఇంకొకరిది. మేడమ్ కొన్నాళ్లు ఓపికపట్టారట. తర్వాత ఒక రూలు పెట్టారు. ఎవరి కేసో వాళ్లే మాట్లాడాలి. వాళ్ల బదులు ఎవరు జవాబు చెప్పినా, వాళ్లు లేచి బయట మెట్ల మీద నిలబడాలి. తలుపు తెరిచే ఉంటుంది. లోపల మాట్లాడే మనిషి గొంతు అక్కడిదాకా రాకపోతే, "వినపడటం లేదు, గట్టిగా చెప్పు!" అని అరవాలి. మెట్ల మీదున్నవాళ్లకు ఆ ఒక్క మాటే అనుమతి, ఇంకోటి అనకూడదు. మెట్ల దాకా వినపడే గొంతు జడ్జిగారికి వినపడదా అనేవారు మేడమ్.

వినడానికి సులువే గాని, పాటించి చూడండి తెలుస్తుంది! ఎదుట మనిషి మాట కోసం తడుముకుంటుంటే, ఆ మాట మనకు తెలిసి ఉండీ పళ్లు బిగబట్టి కూర్చోవాలి. నా వల్ల అయ్యేది కాదు. నోరు జారేది, అందరూ ఒకేసారి "మెట్ల మీదికి!" అనేవాళ్లు. పైన కోచింగ్‌కు పోయే పిల్లలు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకుంటూ ఎక్కేవాళ్లు. మేడమ్‌కు కూడా నోరు ఆగదని మా అందరికీ తెలుసు. జవాబు నాలిక చివరికి వచ్చినప్పుడల్లా రెండు పల్లీలు నోట్లో వేసుకుని నమిలేవారు. ఆ పొట్లం సంచిలో ఎందుకుండేదో ఇప్పుడు అర్థమైంది కదా?

శనివారం శనివారం మధ్యాహ్నం మా దగ్గర ఉత్తుత్తి కోర్టు నడిచేది. కేసు బోనుదాకా వచ్చినవాళ్లను పిలిచి, కోర్టులో ఎలా ఉంటుందో చూపించేవాళ్లం. రెండు బీరువాల మధ్య సందు బోను. ఉన్న ఒక్క తిరిగే కుర్చీలో మా జూనియర్ వకీలు జడ్జిగా కూర్చునేవాడు. నల్లగొండ పిల్లగాడు, మంచోడు, కాకపోతే ఆ కుర్చీ ఎక్కగానే గొంతు మారిపోయేది. అవతలి వకీలు వేషం నాకు. ఇంకెవరికిస్తారు? నల్లకోటు లేదు గాని నా నోరుంది కదా. జవాబులు నేర్పడం మాత్రం లేదు, అది మేడమ్ దగ్గర పెద్ద తప్పు. ప్రశ్నలకు బెదరకుండా నిలబడటం, అంతవరకే.

ఇదంతా ఇలా నడుస్తుండగా వచ్చింది ఆ మార్కెట్ అమ్మాయి.

పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి ఎత్తేసిన తర్వాతి సంగతి ఇది. ఆ అమ్మాయిది నల్లగొండ దగ్గర ఊరు. భర్త చనిపోయాడు, చిన్న కూతురు. మార్కెట్‌లో మామిడికాయలు, బత్తాయిలు ఏరి పెట్టెలకెత్తే పని. మార్కెట్ ఇంటి పక్కనే ఉన్నన్నాళ్లు ఏ చింతా లేదు, బిడ్డ అక్కడే పండ్ల కింద పరిచే గడ్డి మీద ఆడుకునేది. మార్కెట్ బాటసింగారం పోయాక, తెల్లారకముందే మిగతా ఆడవాళ్లతో ట్రాలీ ఆటో ఎక్కి హైవే మీద అంత దూరం పోవాలి. వేసవి సెలవుల్లో భర్త అన్న వచ్చి పిల్లను ఊరికి తీసుకెళ్లాడు. సెలవులు అయిపోయాయి, బడి మొదలైంది, పిల్ల మాత్రం తిరిగి రాలేదు. "నువ్వు చీకట్ల పోతవు, పిల్లను ఎవలు చూస్తరు? ఈడనే ఉంటది" అన్నాడట. వాళ్లకు పిల్లలు లేరు.

మొదటిరోజు పక్కింటామెను వెంటబెట్టుకుని వచ్చింది. పేరేంటమ్మా అని అడిగితే తల వంచుకుని కూర్చుంది. పక్కింటామె పేరు, ఊరు, కులం, కష్టం గడగడా చెప్పేస్తుంటే మేడమ్ రూలు చెప్పి తలుపు వైపు చూపించారు. పక్కింటామె బిత్తరపోయి మెట్ల మీదికి పోయింది. మేడమ్ పల్లీలు ఒలుస్తున్నారు, నేను నాలిక కొరుక్కుంటున్నాను. ఎంతసేపో తర్వాత ఆ అమ్మాయి నోటి నుంచి ఒకే మాట వచ్చింది.

"నా బిడ్డ."

బయట నుంచి పక్కింటామె, పాపం రూలు విని ఉంది కదా, "వినపడ్తలేదు, గట్టిగ చెప్పు!" అని అరిచింది.

"నా బిడ్డ నాకు కావాలె!" అంది ఆ అమ్మాయి. అని భోరున ఏడ్చింది. మేడమ్ లేచి ఆమె తల తన పొట్టకు ఆనించుకుని నిలబడ్డారు. పాపను ఆమెకు ఇప్పించమని కోర్టులో కేసు వేశాం.

బావగారు చాలా గట్టి మనిషని, వాళ్ల వకీలు ఇంకా గట్టివాడయి ఉంటాడని మేడమ్ లెక్క. అందుకని శనివారాల్లో నన్ను ఎగదోశారు. "ఇంకా గట్టిగా! ఇంకా అరువు! బల్ల గుద్దు!" నేను గుద్దాను. "చీకట్ల బిడ్డను ఇడిచిపెట్టి పోతవా? తల్లివేనా నువ్వు?" అని గదిమితే, మొదటి వారం ఆ అమ్మాయి బీరువా వెనక దాక్కుంది. తర్వాతి వారం నిలబడి ఏడ్చింది. ఆ తర్వాత ఏడుస్తూనే జవాబిచ్చింది. ఒక శనివారం నేను బల్ల గుద్దబోతుంటే బోనులోంచి చెయ్యి చాపి, "ఏయ్, అరువకు! నువ్వు అరిస్తే నేను భయపడ్తననుకున్నవా? నా బిడ్డ గురించి అడుగు, చెప్త!" అని నా మీదికి లేచింది. జడ్జి కుర్చీలో ఉన్న జూనియర్ చప్పట్లు కొట్టాడు. ఫాల్స్ కుట్టే ఆయన కింద మిషన్ ఆపి పైకి వచ్చి తొంగిచూశాడు. మేడమ్ ఆనందం చూడాలి! పొట్లంలో పల్లీలన్నీ అందరికీ పంచేశారు. ఇక మనకు భయం లేదనుకున్నాం.

ఆ రోజు రానే వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి కోర్టుకు నడిచాం. మేడమ్ ముందు, మేం వెనక పరుగు. ఆ అమ్మాయి ఉతికి ఆరేసిన నీలం చీర కట్టుకుంది, కొంగు చివర మాత్రం మార్కెట్ గడ్డిపోచ ఒకటి అంటుకునే ఉంది. తీసేద్దామని చెయ్యి చాపి, ఎందుకో ఊరుకున్నాను. వరండాలో వాళ్ల బావ, ఆయన భార్య అంటే ఆమె యారాలు, మధ్యలో పాప. తల్లిని చూడగానే పాప "అమ్మా" అని పరుగెత్తుకొచ్చింది. పెద్దమ్మ వెనకనుంచి "మెల్లగ బిడ్డా, పడ్తవు" అంది. పాప రెండు జడలు ఎంత చక్కగా అల్లి ఉన్నాయో! రిబ్బన్లు కూడా కొత్తవి. ఆ అమ్మాయి కూతురి జడలు నిమిరి, పైకి యారాలి మొహంలోకి చూసింది.

లోపల మమ్మల్ని పిలిచారు. మా అమ్మాయి బోనెక్కింది. మేడమ్, జూనియర్ ముందు, నేను వెనక బెంచీలో. అవతలి వకీలు లేచాడు. నేను పళ్లు బిగించాను, అరుపు కోసం ఎదురు చూస్తున్నాను.

అరవలేదండీ! పెద్దాయన, తెల్ల జుట్టు, మొహమంతా నవ్వు. మేనమామ మేనకోడలితో మాట్లాడినట్టు మొదలెట్టాడు.

"అమ్మా, నువ్వు మంచిదానివే బిడ్డా. కష్టపడి బతుకుతున్నవ్. ఎవ్వరం కాదంటలేం. ఒక్కటే అడుగుత. పొద్దుగాల నువ్వు పోయేటప్పటికి పాప నిద్రలనే ఉంటది కదమ్మా?"

మా అమ్మాయి నోరు తెరిచింది. మాట రాలేదు. పోట్లాటకు నడుం బిగించి వచ్చిన మనిషి, పోట్లాట ఏదీ? ఆయన ఇంకా మెత్తగా, "మీ బావ దగ్గర నీ బిడ్డకు ఏం తక్కువైందమ్మా? నువ్వే చెప్పు. కడుపునిండ తింటలేదా? బడికి పోతలేదా?" అన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని వారాలు మేం ఆమెకు అరుపులకు ఎదురు నిలబడటం నేర్పాం గాని, దయగా అడిగితే ఏం చెయ్యాలో చూపించనేలేదు. మేడమ్ వీపు చూస్తే తెలుస్తోంది, ఆవిడకూ ఆ సంగతి అప్పుడే తట్టిందని.

మేడమ్ చెయ్యి సంచిలోకి పోయింది. కోర్టులో పల్లీలు ఎలా తింటారు? చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. వచ్చిందో లేదో, ఆవిడ లేచి నిలబడ్డారు.

"పొద్దున పాపను కింది పోర్షన్‌లో ఉన్న ఓనరు గారు చూసుకుంటారండీ, ఆవిడే..."

"మేడమ్, మీరు కూర్చోండి. ఆమె చెప్పాలి" అన్నారు జడ్జిగారు.

మేడమ్ కూర్చున్నారు. పెద్దాయన మళ్లీ, "చెప్పమ్మా, పాపకు జ్వరమొస్తే ఎవరు చూస్తరు?" అన్నాడు. చెప్పవే తల్లీ, చెప్పవే అని నేను లోలోపల మొక్కుకుంటున్నాను. ఈ మౌనమే జవాబైపోతే పాప ఇక ఆ ఊరికే పోతుంది. మేడమ్ కుర్చీ కిర్రుమంది. మళ్లీ లేచారు!

"అయ్యా, ఆమె చెప్పాలనుకుంటున్నది ఏమిటంటే..."

"మేడమ్!"

ఆ గొంతు జడ్జిగారిది కాదు. బోనులోంచి వచ్చింది.

"మేడమ్, మీరు మెట్ల మీదికి పోండ్రి!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కోర్టంతా బిగుసుకుపోయింది. పెద్దాయన నోరు తెరిచి చూస్తున్నాడు. మా జూనియర్ ఫైలు వెనక మొహం దాచుకున్నాడు. జడ్జిగారు పెన్ను కింద పెట్టి, "ఏ మెట్లమ్మా?" అని అడిగారు.

"మా ఆఫీసుల రూలున్నది సార్" అంది ఆ అమ్మాయి. "ఎవల కేసు వాళ్లే చెప్పాలె. ఇంకెవలన్న చెప్తే మెట్ల మీద నిలవడాలె. అందరం పోతం సార్. ఈమె పోకపోతె ఎట్ల?"

జడ్జిగారు మేడమ్ వైపు తిరిగారు. మొహం గంభీరంగానే పెట్టుకున్నారు గాని మీసాల కింద ఏదో కదిలింది.

"రూలు పెట్టింది ఎవరు మేడమ్?"

"నేనేనండి" అన్నారు మేడమ్.

"మరి?"

మేడమ్ ఫైలు జూనియర్ చేతికిచ్చారు. జడ్జిగారికి తలవంచి నమస్కారం పెట్టి, బోను వైపు తిరిగి అక్కడా తలవంచి, కాన్వాస్ బూట్లు చప్పుడు చేసుకుంటూ బయటికి నడిచి వరండాలో గోడ పక్కన నిలబడ్డారు. ఒట్టు, నా కళ్లతో చూశాను! నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ తర్వాత మా అమ్మాయి మాట్లాడింది. ఎలా మాట్లాడిందంటారు!

"సార్, మా బావ మంచోడే. మా యారాలు నా బిడ్డకు జడలేస్తది, ముద్దలు కలిపి పెడ్తది. తక్కువ జేసిన్రని అబద్ధం చెప్ప. చీకట్ల పోత, నిజమే. పోయేటప్పుడు బిడ్డను లేపుత. ఇద్దరం ఛాయ్ తాగుతం. అది నాకు బాయ్ చెప్పి మళ్ల పండుకుంటది. కింద ఓనరమ్మ లేపి, తయారు జేసి, బడి ఆటో ఎక్కిస్తది. బడి ఇడిచే యాల్లకు గేటు కాడ నేనే ఉంట. జ్వరమొస్తే పనికి పోను, దవాఖానకు నేనే తోల్కపోత. ఆడ నా బిడ్డకు అన్నీ ఉన్నయి సార్, కాదన. గని అమ్మ లేదు. అమ్మ సచ్చిపోతే అది వేరే ముచ్చట. నేను బతికే ఉన్న కద సార్!"

కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ అందుకుంది. "వాళ్లకు పిల్లలు లేరు. గా దుఃఖం నాకెరుకే. సెలవులియ్యంగనే నేనే తెచ్చి దిగబెడ్త. దాసిపెట్టను. నా బిడ్డను నాకియ్యుండ్రి."

పెద్దాయన అదే చల్లని గొంతుతో, "ఈ మాటలు ఎవరు నేర్పిన్రమ్మా?" అన్నాడు.

"నేర్పేటోళ్లే ఉంటే, ఆమెను బయటికెందుకు పంపుత సార్?" అంది మా అమ్మాయి.

కోర్టు కోర్టంతా గొల్లున నవ్వింది. పెద్దాయన కూడా నవ్వేశాడు, నవ్వి కూర్చున్నాడు. ఇక అడగడానికి ఏమీ లేదన్నాడు.

నేను బయటికి పరుగెత్తాను. మేడమ్ ఇంకా గోడ పక్కనే ఉన్నారు, బడిలో దండన పడ్డ పిల్లలా నిలబడి. పక్కనే పాప పెద్దనాన్న. ఆయన తలుపు దగ్గర నుంచి అంతా విన్నాడట. మనిషి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఆమె మమ్మల్ని చెడ్డోళ్లనలే మేడమ్" అన్నాడు. "నేను ఎన్ని మాటలనుకుంట ఒచ్చిన్నో తెల్సా? ఆమె ఒక్క మాట గూడ అనలే."

మేడమ్ ఆయనకు ఏ న్యాయమూ చెప్పలేదు. పొట్లం తీసి కొన్ని పల్లీలు ఆయన చేతిలో పోశారు. ఇద్దరూ అక్కడే నిలబడి తిన్నారు. తర్వాతి వాయిదాలో ఆయనే లేచి, పిల్లను తల్లికి ఇవ్వడానికి ఒప్పుకుంటామని చెప్పాడు. జడ్జిగారు పాపను లోపలికి పిలిచి విడిగా మాట్లాడారు. పాప తల్లి దగ్గర ఉండాలని, సెలవులకు పెద్దనాన్న ఇంటికి పోవాలని ఉత్తర్వు ఇచ్చారు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ ఉత్తర్వు గురించి కాదు, కోర్టు నుంచి ఆఫీసుకు తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నం గురించి. మేమంతా ఎగురుకుంటూ మెట్లెక్కి లోపలికి పోయాం. వెనక్కి చూస్తే మేడమ్ లేరు. చూడబోతే సగం మెట్ల మీద, గోడకు ఆనుకుని చతికిలబడి ఉన్నారు.

"ఏంది మేడమ్, కాళ్లు నొప్పులా? లోపలికి రాండ్రి" అన్నాను.

"శిక్ష అయిపోలేదు కదమ్మా" అన్నారు. "అక్కడ వరండా అయింది, మెట్లు కాలేదు. రూల్లో మెట్లు అనే ఉంది."

మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. వచ్చి కాళ్ల మీద పడబోతే మేడమ్ పట్టుకుని ఆపేశారు. "నన్ను బయటికి పంపేశావు, బాగానే ఉంది. నువ్వు చెప్పిందంతా అందరూ విన్నారు, నేను తప్ప! ఆ గోడ దగ్గర నాకు సగం కూడా వినపడలేదు. పో, ఆ బీరువాల మధ్య నిలబడి మొత్తం మళ్లీ చెప్పు. నేను ఇక్కడి నుంచే వింటాను."

సాయంత్రం దాకా మేడమ్ అక్కడి నుంచి లేవలేదు. ఆ అమ్మాయి లోపల బీరువాల మధ్య నిలబడి మొదటి నుంచి చెప్తుంటే, మెట్ల మీంచి "వినపడటం లేదమ్మా, గట్టిగా చెప్పు!" అని అరుపు. వినపడుతూనే ఉంది, మాకందరికీ తెలుసు. ఆవిడకు ఆ మాటలు మళ్లీ మళ్లీ వినాలని ఉంది, అంతే. "నేను బతికే ఉన్న కద సార్" దగ్గరికి వచ్చేసరికి మేడమ్ చీర కొంగు కళ్లకు పెట్టుకున్నారు. ఆ పూట కొత్తగా కష్టాలు చెప్పుకోడానికి వచ్చినవాళ్లు మేడమ్ పక్కనే మెట్ల మీద కూర్చుని చెప్పుకున్నారు. కోచింగ్ పిల్లలు పుస్తకాలు గుండెలకు హత్తుకుని, "జర జరుగుండ్రి మేడమ్" అంటూ ఆవిడను దాటుకుని పైకి పోయారు.

ఇంటికి పోయేముందు నన్ను పిలిచారు. "తప్పంతా నాదే. నీచేత ఊరికే అరిపించాను. వచ్చే శనివారం నుంచి ఒక వారం అరువు, ఒక వారం తియ్యగా మాట్లాడు."

"నాకు తియ్యగ మాట్లాడుడు ఎక్కడొస్తది మేడమ్?"

"టైపు నేర్చుకోలేదూ?" అన్నారు.

నేర్చుకున్నాను. నేను చిరునవ్వుతో "అమ్మా, బంగారు తల్లీ" అని మొదలెడితే మా జూనియర్ తిరిగే కుర్చీలోంచి, "అక్కా, నీకు దండం పెడ్త, నువ్వు అరువు. గిట్ల మాట్లాడితే నాకే పరేషానైతుంది" అనేవాడు.

మేడమ్ ఈ ఏడు వెళ్లిపోయారు. దవాఖానలో ఉన్నప్పుడు చూడ్డానికి పోతే, నేను మందుల గురించి డాక్టరును అడగబోయాను. మాట్లాడే ఓపిక లేక, తలుపు వైపు వేలు చూపించారు. నర్సుకేం అర్థమవుతుంది? నేను నవ్వుతూనే బయటికొచ్చి, వరండాలో ఏడ్చాను.

సంతాప సభ ఆఫీసులోనే పెట్టాం. ఆవిడ ఫొటోకు దండ వేసి తిరిగే కుర్చీలో పెట్టాం. పెద్ద పెద్ద వకీళ్లు వచ్చారు, పెద్ద పెద్ద మాటలు మాట్లాడారు. గది చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. అప్పుడొచ్చింది మా మార్కెట్ అమ్మాయి, నేరుగా బాటసింగారం నుంచి. కొంగుకు అదే గడ్డి. వెంట కూతురు, ఎంత పొడవైందో పిల్ల! మా జూనియర్ ఇప్పుడు పెద్ద వకీలు, ఆయనే ఆమెను చూసి మైకు దగ్గరికి పిలిచాడు.

ఆమె మైకు ముందు నిలబడింది. ఫొటో వైపు చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అందరూ ఎదురు చూస్తున్నారు. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆమె ఏం చెప్పాలనుకుంటోందో నాకు తెలియదా? ఆ రోజంతా నేను చూశాను కదా. చూసి చూసి, లేచి నిలబడ్డాను.

"ఆమె ఏమంటున్నదంటే, మా మేడమ్..."

"అక్కా!"

మైకులోంచి వచ్చిందా మాట. ఆమె కళ్లలో నీళ్లు, మొహం మీద నవ్వు.

"అక్కా, మెట్ల మీదికి."

పాతవాళ్లందరూ ఒక్కసారి గోలగా నవ్వారు. కొత్తవాళ్లు తెల్లమొహాలు వేసుకుని చూస్తున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ బయటికి పోయాను. సగం దిగి, గోడకు ఆనుకుని ఆవిడ కూర్చున్న చోటే కూలబడ్డాను. కోచింగ్ పిల్లలు ఇద్దరు పైకి పోతూ నన్ను చూసి ఆగారు. పైన గదిలో మైకు కిర్రుమని కీచుమని ఆగిపోయింది. కరెంటో, మైకో, ఏదో పోయింది. ఆమె చెప్పడం మొదలెట్టింది గాని ఏమీ తెలియడం లేదు, గుసగుసలా ఉంది.

నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

"వినపడటం లేదమ్మా! గట్టిగా చెప్పు!"

తర్వాత ఆ అమ్మాయి గొంతు, మైకు లేకుండానే, మెట్లన్నీ దిగి, నన్ను దాటి, కింద ఫాల్స్ మిషన్ దాకా వినపడింది.